అవతలి ఒడ్డున ఎద్దు

దొరకని దీవి

మందుల దుకాణం వాళ్లు ఇచ్చిన క్యాలెండరులో జూన్ నెల పైన ఒక దీవి బొమ్మ ఉండేది. ఆకుపచ్చ నీళ్లు, తెల్లటి ఇసుక, ఒక పక్కకు వంగిన మూడు కొబ్బరి చెట్లు. మనిషన్నవాడు లేడు. జూలై వచ్చినా మా ఆవిడ సులోచన ఆ కాగితం తిప్పలేదు.

సులోచన వనపర్తిలో ముప్పై ఏళ్లు బడి పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పింది. నలువైపులా నీరు ఉన్న భూభాగాన్ని దీవి అంటారని కొన్ని వేలమంది చేత రాయించింది. తాను మాత్రం ఒక్కటీ చూడలేదు. ఆ ఏడాది ఇద్దరం ఉద్యోగాల నుంచి దిగిపోయాం. నేను దినపత్రికకు విలేకరిగా పనిచేసి అలసిపోయి ఉన్నాను. ఎక్కడికైనా పోదామంటే ఆమె క్యాలెండరు వైపు చూపించింది.

ఒక నోటు పుస్తకంలో ఆమె షరతులు రాసింది. దీవి చిన్నదిగా ఉండాలి. మోటారు బండ్లు ఉండకూడదు. పొద్దున్నే పక్షుల చప్పుడు తప్ప ఏమీ వినపడకూడదు. హైదరాబాదులోని టికెట్ల ఏజెంటుకు ఫోన్ చేశాను. లక్షద్వీప్‌కు అనుమతి పత్రాలు కావాలన్నాడు, అవి వచ్చినా వానాకాలంలో ఓడలు సరిగ్గా నడవవన్నాడు. అండమాన్‌కు విమానం ధర చెప్పాడు. నేను ఆ అంకె మళ్లీ అడిగాను. "అక్టోబరు దాకా ఆగండి సార్" అన్నాడు.

మర్నాడు బెండకాయలు తరుగుతూ సులోచన అడిగింది. "కృష్ణలో దీవులు లేవా?"

ఉన్నాయి. గద్వాల దగ్గర కొంగలగడ్డ ఉంది. ఏటా జూలైలో దాని గురించి నాలుగు వరుసల వార్త రాసేవాణ్ని. కృష్ణకు వరద వచ్చిందని, కొంగలగడ్డకు రాకపోకలు నిలిచిపోయాయని. చాలా ఏళ్లు అదే వార్త, అంకెలు మార్చి పంపాను. ఒక్కసారీ అక్కడ కాలు పెట్టలేదు.

గద్వాలలో ఉన్న పాత మిత్రుడికి ఫోన్ చేశాను. ఒక రైతు ఇంట్లో ఉండటానికి ఏర్పాటు చేశాడు. "మూడు రోజులకు మించి ఉండకు. పైనుంచి నీళ్లు దిగే దినాలు. పండ్లు పట్టుకపోకు, నవ్వుతరు. ఉప్పు, అగ్గిపెట్టెలు పట్టుకపో" అన్నాడు.

ఆత్మకూరు మీదుగా

మేము ఎక్కిన బస్సు ఆత్మకూరులో చాలాసేపు ఆగింది. హోటల్లో చాయ్ రెండున్నర రూపాయలు, మిర్చి బజ్జీ రూపాయి. బజ్జీలో మిరపకాయ నిలువునా చీల్చి వాము, చింతపండు కూరి ఉంది. నాలుగు తిన్నాను. మా పక్కన కూర్చున్న పెద్దాయన తలపాగా సర్దుకుని పలకరించాడు.

"యాడికి సారూ?"

"కొంగలగడ్డకు."

"చుట్టాలున్నరా?"

"లేరు. చూడటానికి పోతున్నం."

"ఏం జూస్తరు?"

"దీవి" అంది సులోచన.

"నీళ్లు సూడాల్నంటే ప్రాజెక్టు సూడున్రి అమ్మా. బస్సులకెల్లే కనవడ్తది. టికెట్టు ల్యాకపాయె."

నిజమే, ఆనకట్ట మీదుగా బస్సు వెళుతున్నప్పుడు ఒకవైపు సముద్రమంత నీరు నిలిచి ఉంది. రెండోవైపు నదికి బండలు, పాయలు మాత్రమే మిగిలాయి. ఆ బండల మధ్య ఎక్కడో మా దీవి. పెద్దాయన చెప్పినట్టు టికెట్టు లేకుండా చూసిన ఆ నీళ్లే మూడో రోజున మమ్మల్ని తరుముతాయని అప్పుడు తోచలేదు.

గద్వాలలో ఒక నేత ఇంటి ముందు ఆగాం. చీర ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట నేతగాడు పోగుకు పోగు వేలితో ముడి వేస్తూ పోతున్నాడు. మగ్గానికి ఇద్దరు కూర్చుంటే రోజుకు జానెడు, మూరెడు నడుస్తుందట. సులోచన ఒక చీరను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అంచు తడిమింది. రెండువేల ఎనిమిది వందలు. మడత చెడకుండా తిరిగి ఇచ్చింది. ఆ నేతగాడికి కోపం రాలేదు. "సూసినోళ్లు గూడ ఉండాలె గదమ్మా" అన్నాడు.

రేవు

ఆటో దిగి పొలాల గట్ల మీద నడిచి రేవుకు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. రేవంటే మెట్లు, షెడ్డు ఏమీ లేవు. నల్లటి బండలు, వాటి పక్కన తడి ఇసుక, ఒక తుమ్మ చెట్టు. ఆ చెట్టు కింద ఒక తెల్లటి ఎద్దు, దాని ముందు గడ్డి, గడ్డి పక్కన గొంతుకూర్చున్న మనిషి.

అతడే కుర్మన్న. మేము మూడు రోజులు ఉండబోయే ఇల్లు అతనిదే. కానీ అతడు తన ఇంటికి పోయి నాలుగు రోజులైంది.

జరిగింది అతడే చెప్పాడు. అతనికి మల్లడు, చంద్రుడు అని ఒక జత ఎడ్లు. వానలు మొదలయ్యాక చంద్రుడికి పురుగు ముట్టింది. పాము అని మా దిక్కు నోటితో అనరు. దీవిలో ట్రాక్టరు లేదు. ఉన్న ఎడ్ల జతలన్నీ ఎవరి మడుల్లో వాళ్లకు చాలక ఉన్నాయి. కుర్మన్న పోసిన వరి నారు ముదురుతోంది. ఒక్క ఎద్దుతో కరిగెట చేయలేడు, నాటుకు ముందు మడిని బురదగా దున్నలేడు. అందుకని పెబ్బేరు సంతకు పోయి ఈ ఎద్దును కొన్నాడు.

"పండ్లు జూసిన సారూ. సుడులు జూసిన. గిట్టలు జూసిన. నడిపించి జూసిన." అతడు తల గీరుకున్నాడు. "ఈత వస్తదా అని అడగలే."

కొంగలగడ్డ వాళ్లు సంతలో ఎద్దును కొనేటప్పుడు ముందు అడిగే మాటే అదట. ఎద్దుకు ఈత ఏందని సంతంతా నవ్వుతుంది. నవ్వినా అడుగుతారు. తాతల నాటి నుంచి అడుగుతున్నారు. నది ఒడ్డున పుట్టిన ఎద్దునే కొంటారు.

"మరి నువ్వెందుకు అడగలేదు?"

"అచ్చం చంద్రుని తీర్గనే ఉండె. గదే మూపురం, గవే కొమ్ములు. ఈనికి ఈత రాకపోవుడేంది అనిపిచ్చింది." ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు. "బిజినేపల్లి దిక్కుదట. బోరు నీళ్లు తాగి పెరిగింది. నీళ్లంటే తాగేటియే అనుకుంటది."

పై నుంచి వరద దిగితే ఈ పాయ నెలా రెండు నెలలు మూసుకుపోతుంది. ఎద్దు ఇవతల, నారు అవతల. ఆ ఏడాదికి ఆ ఇంటికి గింజ ఉండదు.

పుట్టి నడిపే నర్సన్న వచ్చాడు. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప, అడుగున తారు పూసిన గోనె. ఒక్క తెడ్డు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ వెనకా లేవు, తెడ్డు ఆపితే తిరుగుతుంది. ఎద్దును దాటించే పద్ధతి ఇది: పుట్టిలో ఒక మనిషి వెనక్కి తిరిగి కూర్చుని ముకుతాడు పట్టుకుంటాడు, ఎద్దు తల పైకెత్తి పుట్టి వెనక ఈదుతూ వస్తుంది. మేము ఎక్కుతున్నాం కదా, ఇంకోసారి చూద్దామని కుర్మన్న కూడా ఎక్కాడు.

ఎద్దు మోకాలి లోతు దాకా వచ్చింది. పొట్టకు నీళ్లు తగిలాయి. అక్కడ ఆగి, కుడి వైపుకు తల తిప్పి చూసి, ఒక్కసారిగా వెనక్కి మళ్లింది. కుర్మన్న తాడు వదల్లేదు. పుట్టి రెండు చుట్లు తిరిగి ఒక పక్కకు ఒరిగింది. కుర్మన్న నీళ్లలో పడ్డాడు. మా సంచి తడిసింది. నా ఎడమ కాలి చెప్పు నిదానంగా తేలుతూ దిగువన ఉన్న బీచుపల్లి వైపు వెళ్లిపోయింది. రెండో చెప్పును ఏం చేయాలో తోచక చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

అవతలి ఒడ్డు నుంచి ఒక ఆడగొంతు నీళ్ల మీదుగా స్పష్టంగా వచ్చింది.

"ఇగో, ఇనవడ్తుందా? ఎద్దును కొన్నవా, ఎద్దే నిన్ను కొన్నదా?"

"బాలమ్మ, ఈని పెండ్లాం" అన్నాడు నర్సన్న తెడ్డు వేస్తూ. "దినాం గిదే సారూ. ఆమె గాడ, ఈడు ఈడ. నడుమ నేను రొట్టెలు మోస్తున్న."

మొదటి రోజు: చూడని ఎద్దు

దీవి చివరి నుంచి చివరికి నడిస్తే అరగంట పట్టదు. నలభై ఇళ్ల దాకా ఉంటాయి. ఒక బడి, రేకుల కప్పు మీద సిలువ ఉన్న చిన్న ప్రార్థన గది, ఒక సైకిలు. ఆ సైకిలును పుట్టిలో తెచ్చారట. దాని మీద పోయేవాడు తొక్కడం మొదలుపెట్టేలోపే నది అడ్డం వస్తుంది.

బాలమ్మకు నలభై ఏళ్లుంటాయి. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం ఏరు దాటేది. నా ఒంటి చెప్పు చూసి నవ్వలేదు. దాన్ని నా చేతిలోంచి తీసుకుని చూరులో పెట్టింది. ఆ ఊళ్లో ఎవరి కాళ్లకూ చెప్పులు లేవు, అందుకని నా కాళ్ల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బయటి ఊళ్లలో చుట్టం వస్తే ఎందుకొచ్చారని కళ్లతోనైనా అడుగుతారు. ఇక్కడ అందరూ ఒకటే అడిగారు: "ఎన్ని దినాలకు?" నీళ్ల లెక్క అది. ప్రతి ఇంట్లో రెండు నెలలకు సరిపడా ఉప్పు, కిరసనాయిలు, నూకలు మూట కట్టి అటక మీద ఉన్నాయి. నెలలు నిండే ఆడవాళ్లను జూన్‌లోనే గద్వాల చుట్టాల ఇళ్లకు పంపేస్తారు, దవాఖాన అవతలి ఒడ్డున ఉంది కాబట్టి. ఏ ఇంటి తలుపుకూ తాళం కనపడలేదు. దొంగతనం చేసినవాడు పుట్టి ఎక్కాలి, నర్సన్నను అడగాలి.

సాయంత్రం జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది. చేప ఆ మధ్యాహ్నం పట్టింది. పులుసులో మసాలా ఏమీ లేదు. చింతపండు, పచ్చిమిర్చి, మెంతులు. నేను పట్నంలో విందులు తిన్నాను. ఆ పులుసు ముందు అవి గుర్తుకు తెచ్చుకోవడానికి కూడా కష్టపడాల్సి వచ్చింది.

తినేటప్పుడు బాలమ్మ మా ఎదుట కూర్చుంది.

"మీరు సూసిన్రు గద. ఎట్లుంది సారూ ఎద్దు?"

అప్పుడు తట్టింది. ఆమె ఆ ఎద్దును చూడలేదు. అవతలి ఒడ్డున తెల్లటి మచ్చలాగా తప్ప.

"తెల్లగా ఉంది. కొమ్ములు బాగున్నాయి" అన్నాను. అన్నేళ్లు వార్తలు రాసినవాడికి అంతకు మించి తోచలేదు.

సులోచన రొట్టె పక్కన పెట్టింది. ఆమె పుట్టిల్లు బిజినేపల్లి, వాళ్ల నాయనకు నాలుగు జతల ఎడ్లుండేవి. కొమ్ములు ఎక్కడ వంపు తిరిగాయో చేత్తో చూపించింది. మెడ మీద కాడి రాసిన కాయ ఎంత ఉందో చెప్పింది. తోక కుచ్చు నలుపని, కుడి చెవి అంచు కొంచెం చీలి ఉందని, కళ్లు సాధువని చెప్పింది. బాలమ్మ ఒక్కో మాటకూ తలాడిస్తూ, కొత్త కోడలి ముఖం ఎలా ఉందో వింటున్నట్టు వింది.

"చెవి సంగతి నాతోని చెప్పలే" అంది చివరికి.

రెండో రోజు: ముకుతాడు

తెల్లవారుజామున లేచి దీవి తూర్పు కొసకు నడిచాం. అక్కడ నది వేల ఏళ్లుగా చెక్కిన బండలు ఉన్నాయి. కొన్ని గిన్నెల్లాగా, కొన్ని ఉయ్యాలల్లాగా, ఒకటి అచ్చంగా మనిషి వీపులాగా. ఒక్కో గుంటలో ఒక్కో ఆకాశం. మేము కూర్చున్న బండకు పది బారల దూరంలో నీటికుక్కలు మూడు పైకి లేచి, మీసాలు దులుపుకుని, మమ్మల్ని చూసి పనికిరాని వాళ్లమని తేల్చుకుని మునిగిపోయాయి. కొంగల గుంపు లేచినప్పుడు రెక్కల గాలి చప్పుడు విన్నాను. రెక్కలకు చప్పుడుంటుందని ఆ వయసు దాకా నాకు తెలియదు.

సులోచన పెదవులు కదలడం చూసి ఏమిటన్నాను.

"నేను పిల్లలకు తప్పు చెప్పిన" అంది. "నీళ్లు చుట్టూ ఉంటయని చెప్పిన గనీ, అవి నడుస్తుంటయని చెప్పలే."

కూర్చున్నచోట మనం కదలకుండా ఉంటే, ఇరువైపులా నది వెనక్కి పోతుంటే, దీవే ఎగువకు ప్రయాణం చేస్తున్నట్టు ఉంటుంది. చూస్తుంటే కొంచెం తల తిరుగుతుంది. ఏ ఓడ ఎక్కినా అలాంటి ప్రయాణం ఉండదేమో.

తిరిగి వచ్చేటప్పుడు నర్సన్న పుట్టికి తారు పూస్తూ కనపడ్డాడు. ఏట్లో మొసళ్లు ఉంటాయా అని అడిగాను.

"ఉంటయ్."

"మరి ఈదుతరు కదా."

"దాని బతుకు అది బతుకుతది సారూ. మీలెక్క అదిగూడ సూడనీకె వస్తదనుకోండ్రి."

మధ్యాహ్నం దీవి నుంచి నలుగురు మగవాళ్లు పుట్టిలో అవతలికి పోయారు. ఎద్దును ఎలాగైనా దించుతామన్నారు. మేము బాలమ్మతో పాటు ఇవతలి ఒడ్డున నిలబడి చూశాం. ఇద్దరు వెనక నుంచి నెట్టారు, ఒకడు తోక మెలిపెట్టాడు, ఒకడు పుట్టిలో కూర్చుని ముకుతాడు లాగాడు. ఎద్దు ఛాతీ దాకా దిగింది. అక్కడ ముందుకాళ్లు ముడిచి మోకాళ్ల మీద పడింది. ముక్కు మునిగింది. ఒక్క నిమిషం తెల్లటి మూపురం తప్ప ఏమీ కనపడలేదు.

"ఇడువున్రి!" బాలమ్మ గొంతు ఏరంతా పాకింది. "తాడు ఇడువుమంటున్న. సచ్చినదాన్ని తెచ్చి ఏం దున్నుతరు?"

తాడు వదిలారు. ఎద్దు లేచి ఒడ్డుకు పరుగెత్తింది. కుర్మన్న దాని వెనక పోయి ముఖం కడిగాడు. చేయి పైకెత్తి మాకు చూపించాడు. అంత దూరం నుంచి ఏమీ కనపడలేదు గానీ, ముకుతాడు కోసుకుని నెత్తురు వచ్చిందని బాలమ్మకు తెలిసింది.

పోయిన నలుగురూ తిరిగి వచ్చి తలలు దించుకుని ఇళ్లకు పోయారు. పొద్దు గూకే వేళకు నర్సన్న కబురు తెచ్చాడు. ఒడ్డున సెల్లు ఉన్న ఒకాయన చెప్పాడట: పైన నీళ్లు వదులుతున్నారు, రేపు మధ్యాహ్నం కల్లా ఇక్కడికి దిగుతాయి. మమ్మల్ని పొద్దున్నే దాటిస్తానన్నాడు.

బాలమ్మ వాకిట్లో కూర్చుని నారు మడి వైపు చూస్తోంది. నారు పచ్చదనం తగ్గి కొసలు ముదురు రంగుకు తిరుగుతున్నాయి.

సులోచన ఆమె పక్కన కూర్చుంది. "బాలమ్మా, మీ చంద్రుడు ఏ దిక్కు ఎద్దు?"

"దాపటిది అక్కా. ఎందుకు?"

కాడికి ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దు, కుడివైపుది వలపటి ఎద్దు. పనికి అలవాటైన ఎద్దు తన పక్క మార్చుకోదు.

"నిన్న నీళ్లల్ల ఆగినప్పుడు అది కుడిదిక్కు చూసింది. ఇయాల గూడ గట్లనే చూసింది. ఒడ్డుమీద నిలబడ్డప్పుడు గూడ. మా నాయిన జతలో ఒకటి అమ్మినప్పుడు మిగిలింది గిట్లనే చూస్తుండె. దానికి నీళ్ల బయం ఉన్నదో లేదో నాకు తెల్వదు. పక్కన ఎవ్వరు లేరని మాత్రం ఎరుకైతుంది."

బాలమ్మ లేచింది. మమ్మల్ని కొట్టం దగ్గరికి తీసుకుపోయింది. మల్లడు ముసలితనానికి దగ్గరపడిన గోధుమరంగు ఎద్దు. కొట్టం ఇద్దరికి కట్టింది, ఇప్పుడు మొత్తం దానిదే. అయినా కుడివైపు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎడమ పక్కన ఒక ఎద్దు పట్టేంత జాగా ఖాళీగా వదిలేసింది. అక్కడ పేడ కూడా లేదు.

"నెల రోజులసంది గిట్లనే" అంది బాలమ్మ. "జరగమంటే జరగదు."



మూడో రోజు: మల్లడి ప్రయాణం

పొద్దున్నే బాలమ్మ కొంగు బిగించి, నడుముకు రెండు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుంది. దీవి ఆడవాళ్లు ఈత నేర్చేది వాటితోనే. మల్లడిని విప్పి రేవుకు నడిపించింది. కాడిని మా పుట్టిలో వేయించింది.

అవతల కుర్మన్న అది చూసి లేచి నిలబడ్డాడు. "ఏమే, ఏం జేస్తున్నవ్?"

"వస్తున్న."

"మల్లన్ని తేకు. నీళ్లొస్తయ్. రెండు ఈడనే ఉండిపోతే ఏం జేస్తం? ఉన్న ఒక్కటి గూడ పాయె."

"ఒక్కటి ఉంటే ఏం జేస్తవ్, పూజ జేస్తవా?"

నర్సన్న నా వైపు చూశాడు. "ఈన మాట నిజమే సారూ" అన్నాడు మెల్లగా. "ఎల్తురు పడంగనే నీళ్ల రంగు మారింది. సూడున్రి."

చూశాను. నిన్నటి ఆకుపచ్చ నీళ్లలో సన్నటి ఎర్రటి చార. దాని మీద పుల్లలు, నురగ. ఇంకా మెల్లగానే వస్తోంది.

బాలమ్మ మల్లడి తోక పట్టుకుంది. అదిలించలేదు, అరవలేదు. "నడువు నాయినా" అంది. మల్లడు తన ఇంటి మెట్లు దిగినట్టు ఏట్లోకి దిగిపోయింది. నడి ఏట్లో కాళ్లు లేచాయి. నీళ్ల మీద ఒక మూపురం, రెండు కొమ్ములు, వెనక రెండు సొరకాయలు, వాటి నడుమ ఒక ఆడమనిషి తల. మేము పుట్టిలో పక్కనే పోతున్నాం. పుట్టి తిరిగినప్పుడల్లా ఆ దృశ్యం ఒకసారి నా ఎదురుగా, ఒకసారి వెనకగా వచ్చింది. ఆ ఎద్దు ఊపిరి వినపడింది. లోతైన, నిదానమైన ఊపిరి. సులోచన నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ పూట భయం నాకు గుర్తు లేదు. కళ్లు రెండే ఎందుకున్నాయని మాత్రం అనిపించింది.

ఒడ్డున మేము పుట్టి దిగేసరికి బాలమ్మ చీర పిండుకుని ముందు కొత్త ఎద్దు దగ్గరికి పోయింది. చీలిన చెవిని వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. కోసుకున్న ముక్కును చూసింది. ముకుతాడుకు కట్టిన పగ్గాన్ని విప్పి కుర్మన్న చేతిలో పెట్టింది.

"ఇది అవుసరం లేదు."

"తాడు లేకుంటె ఎట్లనే?"

"నువ్వు ఆరు దినాలసంది దాన్ని ముందటికెల్లి గుంజుతున్నవ్. దున్నేటప్పుడు ముందట నిలవడి గుంజుతవా?"

కుర్మన్న పగ్గాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

మల్లడిని తెచ్చి కొత్తదాని కుడి పక్కన నిలబెట్టింది. రెండూ ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. మల్లడు తల తిప్పేసుకుంది. ముసలివాళ్లు కొత్తవాళ్లను చూసినట్టు. బాలమ్మ ఇద్దరి మెడల మీద కాడి వేసి, కుర్మన్నను వెనక నిలబెట్టి, తడి ఇసుకలో నడిపించింది. నాగలి లేదు, వట్టి కాడే. రేవు నుంచి తుమ్మ దాకా, తుమ్మ నుంచి రేవుకు. మొదటి రెండు చుట్లు అడుగులు కలవలేదు. మూడో చుట్టులో మల్లడు కొంచెం తగ్గింది, కొత్తది కొంచెం పెంచింది. నాలుగో చుట్టుకు రెండు జతల గిట్టల చప్పుడు ఒకే చప్పుడైంది. కొత్త ఎద్దు కుడివైపు చూడటం మానేసింది.

నది ఈలోగా ఎర్రబడింది. మధ్యాహ్నానికి వస్తాయనుకున్న నీళ్లు పదింటికే రేవు బండల్లో రెండింటిని మింగేశాయి.

"బాలమ్మా" అన్నాడు నర్సన్న. మునిగిన బండల వైపు తెడ్డు చూపించాడు.

ఆమె కాడి దించి పుట్టిలో పడేసింది. కాడితో ఈదితే రెండూ మునుగుతాయి. "పుట్టిని కిందిదిక్కు ఉంచు. కొట్టుకపోతే అడ్డం రా" అని నర్సన్నకు చెప్పింది. మల్లడి తోక తను పట్టుకుంది. కొత్తదాని వెనక కుర్మన్నను నిలబెట్టింది.

"పొలంల అన్నట్టే అను" అంది.

కుర్మన్న గొంతు సవరించుకున్నాడు. "హో... దాపట, హో..."

మల్లడు దిగింది. కొత్త ఎద్దు ఒక అడుగు వేసి ఆగింది. నీళ్లు దాని మోకాళ్ల చుట్టూ సుడి తిరిగాయి. మల్లడు ముందుకు పోయింది, వాటి నడుమ ఒక బారెడు ఖాళీ వచ్చింది. కొత్తది కుడివైపు చూసింది. అక్కడ మల్లడు లేదు, ముందుంది. కుర్మన్న దాని వీపు మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టకు" అంది బాలమ్మ తిరిగి చూడకుండానే.

ఎద్దు ఆ ఖాళీ పూడ్చుకోవడానికి గబగబా రెండు అడుగులు వేసింది. మూడో అడుగుకు కింద నేల లేదు. దాని కళ్లు తెల్లబడ్డాయి. తల మునిగి, పైకి లేచి, గట్టిగా చీదింది. వెనక్కి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. తల ఎత్తి మల్లడి ఎడమ పక్కకు, కాడి ఉంటే ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడికి, ఈదుకుంటూ చేరింది.

ఎర్ర నీళ్లు వాళ్లను నేరుగా పోనివ్వలేదు. నలుగురూ ఏటవాలుగా కిందికి జారుతూ పోయారు. నర్సన్న పుట్టి వాళ్ల దిగువన తిరుగుతూ పోయింది. ఒక పెద్ద చెట్టు కొమ్మ కొట్టుకొచ్చింది, తెడ్డుతో తోసేశాడు. నడి ఏట్లో కాసేపు కొమ్ములు తప్ప ఏమీ కనపడలేదు. లెక్కపెట్టాను. నాలుగు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను.

రేవుకు చాలా కింద, నీటికుక్కల బండల దగ్గర వాళ్లు ఒడ్డెక్కారు. ముందు మల్లడు, తర్వాత తెల్లది. కుర్మన్న బండ మీద బోర్లా పడ్డాడు. బాలమ్మ పడలేదు. పుట్టిలోంచి కాడి తీసుకుని భుజాన వేసుకుంది. ఏదో అంది, నీళ్ల హోరులో మాటలు మాకు అందలేదు. కుర్మన్న లేచాడు.

మా బస్సు వేళ దాటిపోయింది. రేవు కింద ఒక్కో బండా మునిగిపోతుంటే మేము పైకి జరుగుతూ, మళ్లీ పైకి జరుగుతూ, అక్కడే ఉండిపోయాం. వాళ్లు ఇంటికి పోలేదు. బట్టలు మార్చుకోలేదు, ఎడ్లకు మేత వేయలేదు. ఒడ్డు వెంట తిన్నగా మడి దగ్గరికి పోయారు. చూస్తుండగానే అవతల నాగలి దిగింది. నీళ్లు నిలిచిన మడిలో ఒక గోధుమ మచ్చ, దాని ఎడమ పక్కన ఒక తెల్ల మచ్చ, ఆ చివర నుంచి ఈ చివరకు కదలడం మొదలుపెట్టాయి. వాటి వెనక ఒక ఆడమనిషి నారు పీకి, కట్టలు గట్టు మీద విసురుతోంది.